కుడితిలో కలిసిన గోళీలు

ఇప్పటికీ కోరుట్ల అంగడి వెనుక సందులో నడుస్తుంటే ఏదో ఒక ఇంటి ముందు నుంచి, తడి గోనెసంచిలో చుట్టిపెట్టిన బీడీల తునికాకు వాసన వస్తుంది. వాన వెలిసిన అడవిలా, కాస్త పుల్లగా. ఆ వాసన తగిలితే నా కాళ్లు ముందుకు సాగవు. ఎవరైనా చూస్తే చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగుతాను.

మా ఊరు కోరుట్లకు కొంచెం దూరం. బడి లేని రోజుల్లో నా లోకమంతా మా ఇంటి పందిరే. అన్నాలయ్యాక వాడలోని ఆడవాళ్లంతా ఒళ్లో చాటలు పెట్టుకొని అక్కడ బీడీలు చుట్టడానికి చేరేవాళ్లు. ఆకు మీద కత్తెర కరకరలు, తంబాకు ఘాటుకు తుమ్ములు, మాటల నడుమ ఒకరు ఎత్తుకున్న పాటకు ఇంకొకరు కలిపే గొంతు. మాట్లాడని పిల్లనని పేరుపడ్డ నేను గుంజ చాటున కూర్చొని, తంబాకు కట్టి వచ్చిన పాత పేపరు ముక్కల్ని అటూ ఇటూ తిప్పి చదివేదాన్ని. సగంలో తెగిపోయిన కథలకు ముగింపులు నేనే కల్పించుకునేదాన్ని. ఊరి గోడల మీద అడవిలోని నక్సలైట్ అన్నలు ఎర్ర అక్షరాలు రాసేవాళ్లు, పోలీసులు వచ్చి వాటి మీద సున్నం కొట్టించేవాళ్లు, మళ్లీ అక్షరాలు మొలిచేవి. పొద్దుగూకితే తలుపులన్నీ మూతపడేవి. అయినా పగళ్లు మాత్రం పిల్లలవే: చింతగింజల ఆటలు, చేతికి అంటుకునే సర్వపిండి గిన్నెలు, బతుకమ్మ నాటి బెల్లం మలీద ముద్దలు.

ఆ ఏడు బతుకమ్మకు మలీదలో పెద్ద ముద్ద మా చిన్నమ్మకే దక్కింది. నాయన తమ్ముడు చిన్నబాపు ఎండాకాలం సెలవుకొచ్చి మళ్లీ దుబాయి పోయాడు, చిన్నమ్మ నీళ్లోసుకుంది. అంతకుముందు కాన్పు ఆమె తల్లిగారింట్లో అయింది. బిడ్డ దక్కలేదు, రక్తం పోయి చిన్నమ్మ కూడా చావు తప్పి బయటపడింది. ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ పైకి అనేవాళ్లు కాదు గానీ, ఆమె కడవ ఎత్తబోతే చాలు, నాలుగు చేతులు అడ్డం వచ్చేవి.

సబ్ సెంటర్ నుంచి సుశీల నర్సమ్మ నడిచి వచ్చేది. భుజాన సంచి, చీర కుచ్చిళ్లకు దారి దుమ్ము. గర్భిణులకు సూదులు వేసి, రక్తం పట్టడానికని సర్కారు పంపిన ఎర్ర గోళీలు ఇచ్చి పోయేది. ఒకరోజు పందిరి కిందికి వచ్చి చిన్నమ్మ కనురెప్పను కిందికి లాగి చూసింది.

"గింత తెల్లగ పాలిపోయినవేంది పిల్లా? గోళీలు మింగుతున్నవా?"

"మింగుతున్న" అంది చిన్నమ్మ, చాటలోకి చూస్తూ.

"గోళీలు పడితె దొడ్డికి నల్లగ వోతది. వోతున్నదా మరి?"

చిన్నమ్మ సిగ్గుపడి లేదన్నట్టు తలూపింది.

"అయితే గోళీలు ఎవలి కడుపులకు వోతున్నయ్?"

నవ్వు ఆపుకోలేక పక్కింటి రాజవ్వ మా కొట్టం వైపు వేలు చూపింది. "గా బర్రెనడుగు నర్సమ్మా!"

మా బాపమ్మ, అంటే నాయన తల్లి, ఏమీ జంకలేదు. "అదీ సూడిదే గదా! సర్కారు గోళీలు పారేస్తె పాపమని కుడితిల కలిపిన. మా కోడలు మింగితె పిల్ల లావైతది, నల్లగ పుడ్తది. బర్రెకు నల్లపిల్ల పుడ్తె ఎవలు వద్దంటరు?"

నర్సమ్మ కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది. నవ్వి, అక్కడే బాపమ్మ పక్కన నేల మీద కూర్చుంది. "అవ్వా, పోయిన కాన్పుల బిడ్డ పోయింది. గిప్పుడు దీని ఒంట్ల రక్తమే లేదు. గట్లనే మళ్ల పోతె తల్లి గూడ దక్కది."

బాపమ్మ వంగి చిన్నమ్మ కనురెప్పను తానూ లాగి చూసింది.

మర్నాటి నుంచి మా పందిరికి కొత్త కట్టుబాటు వచ్చింది. అన్నాలయ్యాక చిన్నమ్మే కాదు, వాడలో కడుపుతో ఉన్న ఆడవాళ్లంతా నిమ్మకాయ నీళ్లతో గోళీ మింగాలి. బాపమ్మ ఎదురుగా నిలబడి, "నోరు తెరువు, నాలిక లేపు" అని తనిఖీ చేసేది. "పోలీసులే నయమే అత్తా" అని కోడళ్లు మూలిగేవాళ్లు. పసుపు తవ్వే రోజులు వచ్చేసరికి చిన్నమ్మ చెంపలకు రంగొచ్చింది.

కాన్పు దవాఖానలోనే కావాలని నర్సమ్మ మరీ మరీ చెప్పిపోయింది. నొప్పులేమో అన్నలు బంద్‌కు పిలుపిచ్చిన రోజు పొద్దున మొదలయ్యాయి. బస్సులు లేవు. ఊరి బయట రోడ్డుకు అడ్డంగా పెద్ద చెట్టు నరికి పడేశారు. దాన్ని జరిపితే అన్నలకు కోపం, అక్కడ గుమిగూడితే పోలీసులకు అనుమానం. మగవాళ్లు తటపటాయిస్తుంటే బాపమ్మ కొంగు నడుముకు చుట్టింది. "మీరు ముట్టకుండ్రి. మేము దాని మీదికెల్లి పోతం."

మంచం మీద చిన్నమ్మ. ఆ మంచాన్ని బీడీలు చుట్టే చేతులు పట్టుకొని కొమ్మల మీదుగా దాటించాయి. వెనకాల నేను, చంకలో పాతచీరల మూట. అవతల ఒక రైతు చేనులోంచి పసుపు కొమ్ములు బండికెత్తుతున్నాడు.

"బంద్ గదా అవ్వా, రోడ్డెక్కితె ఊకుంటరా?"

"కాన్పుకు బంద్ ఉంటదా కొడుకా?"

అతను పసుపు కొమ్ముల మీద గడ్డి పరిచి ఎద్దుల్ని అదిలించాడు. కోరుట్ల చేరేసరికి చిన్నమ్మ చేతులు, చీర, చెంపలు అన్నీ పచ్చబడిపోయాయి. డాక్టరమ్మ ఎదురొచ్చి, "కాన్పుకు తెచ్చిండ్రా, పెండ్లిపిల్లను తెచ్చిండ్రా?" అంది. చిన్నమ్మను లోపలికి తీసుకుపోయాక ఆడవాళ్లంతా దవాఖాన వసారాలో బారుగా కూర్చున్నారు.

చివరికి ఒక ఏడుపు వినిపించింది. చాలాసేపటికి డాక్టరమ్మ బయటికొచ్చి, రక్తం ఈసారీ పోయిందని, కానీ ఒంట్లో బలముంది గనుక తల్లి తట్టుకుందని చెప్పింది. బాపమ్మ లోపలికి పోయి పాపను చూసింది.

"నేను జెప్పలే? నల్లగనే పుట్టింది!" అంటూనే నుదుటి మీద ముద్దు పెట్టింది.

చిన్నమ్మ కళ్లు తెరవకుండానే గొణిగింది: "మీ కొడుకేమన్న తెల్లగున్నడా అత్తా?"

గుమ్మంలో మూగిన మేమంతా గొల్లున నవ్వాం.

ఆ నల్లపిల్లకు మొన్న నొప్పులొచ్చాయి. ఫోన్ చేస్తే సర్కారు అంబులెన్సు బండి వాకిట్లోకే వచ్చింది. ఇప్పుడు మా పందిరీ లేదు, చాటలూ లేవు, గోడల మీద అక్షరాలూ లేవు. వెంట నడవడానికి వాడ కదలాల్సిన పనీ లేదు. కూతురి పక్కన కూర్చున్న చిన్నమ్మ, బండి కదులుతుంటే కిటికీలోంచి తల బయటపెట్టి, అంగడికి పోయే మనిషిలా నాతో అంది: "గట్ల నిలబడ్డవేందే? వాకిట్ల వడ్లెండవోసిన, కోళ్లు తింటున్నయ్ సూడు!"