రావలసిన ఎర్రర్

ఆ సాయంత్రం ఆఫీసు వదిలే ముందు మా అక్క, బాగా నడుస్తున్న ప్రోగ్రాములోంచి ఒక లైను తీసేసింది.

ఆసుపత్రుల్లో రోగికి మందును చుక్కచుక్కగా ఎక్కించే పంపులకు వాళ్ళ కంపెనీ ప్రోగ్రాములు రాసేది. ఎవరైనా పొరపాటున మోతాదు మించిన అంకె కొడితే ప్రోగ్రాము ఒప్పుకోకూడదు, ఎర్రర్ ఇచ్చి ఆగిపోవాలి. అలా ఆగుతుందో లేదో చూసే టెస్టులు రాయడం అక్క పని. టెస్టు పాసయితే తెర మీద పచ్చరంగు, ఫెయిలయితే ఎరుపు. మిగతావాళ్ళు పచ్చరంగు చూసి ఇంటికి పోయేవారు. అక్క మాత్రం మోతాదును అడ్డుకునే ఆ లైను తీసేసి, టెస్టు ఎర్రబడితేనే దాన్ని నమ్మేది. ఆఫీసులో ఆమెకు ‘ఎర్రలైటు’ అని పేరు పెట్టారు.

ఇంట్లోనూ అంతే. కొత్త గొడుగు కొంటే స్నానాల గదిలో దాని మీద చెంబుడు నీళ్ళు గుమ్మరించాకే నా చేతికిచ్చేది.

ఆ రోజు లైను తీసేసినా టెస్టు పచ్చగానే ఉందట. రాత్రి అన్నం తింటూ నాకు చెప్పింది.

"పంపు తగిలించలేదని వేరే ఎర్రర్ వచ్చిందిరా. మా టెస్టు మహాతల్లి, ఏదో ఒకటి వచ్చిందిగా అని పాస్ చేసేసింది."

"ఏదైతేనేం, ఆగిందిగా?"

"నీ మొహం! వాచ్‌మన్ దొంగని పట్టుకోవడమూ, కాలుజారి తనే పడిపోవడమూ ఒకటేనా? వచ్చింది రావలసిన ఎర్రరేనా అని పేరు పెట్టి అడగాలి."

నవ్వుతూనే గుండె మీద అరచేత్తో రుద్దుకుంది.

"ఏమైందక్కా?"

"గ్యాసు. క్యాంటీన్ తిండి."

"డాక్టరుకి చూపిద్దామా?"

"గ్యాసుక్కూడా డాక్టరేంట్రా? అమ్మకి చెప్పకు, తెల్లార్లూ నా మంచం పక్కనే కూర్చుంటుంది."

మాత్ర వేసుకుని పడుకుంది. పొద్దున ఆమె గదిలో అలారం మోగుతూనే ఉంది. అమ్మ ఆపడానికి వెళ్ళి, నన్ను కేకేసింది. గుండెపోటన్నారు. నిద్రలోనే పోయింది.

కొన్నాళ్ళకు ఆఫీసులో అక్క పక్క సీటులో కూర్చునే అమ్మాయి, అక్క కాఫీ కప్పూ స్వెట్టరూ తెచ్చిచ్చింది. ఆ టెస్టు ఏమైందని అడిగాను. ఎందుకడిగానో తెలియదు.

"సరిచేసే వెళ్ళారండీ. తీసిన లైను కూడా మళ్ళీ పెట్టేశారు."

లేవబోయి, మళ్ళీ కూర్చుంది.

"ఆ మధ్యాహ్నం నన్నొకటి అడిగారు. గ్యాసయితే ఎడమ చెయ్యి కూడా లాగుతుందా అని. పొద్దుట్నుంచీ మౌసు వదల్లేదుగా మేడమ్, అందుకేమో అన్నాను. అంతే అయ్యుంటుందిలే అన్నారు."

అక్క నాకు ఛాతీ సంగతే చెప్పింది, చెయ్యి సంగతి చెప్పలేదు. ఆ అమ్మాయి తలెత్తలేదు.

"మేడమ్ మౌసు పట్టుకునేది కుడిచేత్తోనండీ," అంది.