నాయినమ్మ కడిగిన సీస

నా చిన్నప్పుడు సిరిసిల్లల మా గల్లీ అంతటికీ మా ఇంటి బాయే దిక్కు. ఆ నీళ్ళల్ల పప్పు జల్ది ఉడుకుతదని, చాయ్ రుచిగ ఉంటదని అందరు అనేటోళ్ళు. ఆ మాట వింటే మా నాయినమ్మ మొఖం వెలిగిపోయేది. ఇక ఆమె శుభ్రం గురించి ఎంత చెప్పినా ఒడువదు. కడగని బిందెను బాయి దగ్గరికి రానిచ్చేది కాదు. కడిగే తెచ్చినమంటే కూడ నమ్మకపోయేది, తనే ఇంకోసారి బూడిదేసి తోమి ఇచ్చేది. దేవుడు ప్రత్యక్షమైనా ముందు నీ చెంబు ఇటియ్యి అంటదని కోడళ్ళు చాటుకు నవ్వుకునేటోళ్ళు.

ఆ ఏడు వానలు పడ్డంక గల్లీల పిల్లలకు వాంతులు, బేదులు మొదలైనయ్. మా తమ్ముడు అప్పటికి ఇంకా మాటలు రాని పసోడు. చూస్తుండంగనే వాని కండ్లు లోపలికి పోయినయ్. ఏడిస్తే కన్నీళ్ళు రావు. పొట్ట మీద తోలు పట్టి లాగితే లాగినట్టే నిలిచేది. మా అమ్మ వాణ్ని ఒడిల ఏసుకొని, ఊపిరి ఆడుతున్నదా లేదా అని ముక్కు దగ్గర వేలు పెట్టి మాటిమాటికి చూసేది. ఆమె వేలు తీసేదాక నేను ఆమె మొఖమే చూసేదాన్ని.

సర్కారు దవాఖాన నుంచి నర్సమ్మ వచ్చింది. ఉప్పు, చక్కెర కలిపిన నీళ్ళు తాగించుడు నేర్పింది. బాయి నీళ్ళ మీద అనుమానమున్నది, కాగబెట్టనిది ఎవ్వరూ తాగొద్దన్నది. పోతపోత ఒక చిన్న గాజు సీస నాయినమ్మ చేతిల పెట్టింది. దీంట్ల బాయి నీళ్ళు పోసి, మూత బిగించి వెచ్చటి జాగల పెట్టు అవ్వా, రేపో ఎల్లుండో నల్లగయితే ఆ నీళ్ళల్ల రోగమున్నట్టు అని చెప్పింది. ఇంకా చాల గల్లీలు తిరిగేదుంటే గబగబ పోయింది.

నాయినమ్మ సీసను ఎండకు పట్టి చూసింది. అడుగున గోధుమరంగు పొడి అంటుకొని ఉంది. దవాఖానోళ్ళు మురికి సీస ఇచ్చిపోయిండ్రని ఆమెకు కోపమొచ్చింది. లోపలికి వేలు పట్టదు కాబట్టి పుల్లకు గుడ్డపేలిక చుట్టి, బూడిద నీళ్ళతోని తళతళ మెరిసేదాక కడిగింది. ఆ పొడే నీళ్ళను పరీక్ష చేసే మందని ఆమెకు తెల్వదు, పక్కన నిలబడి చూస్తున్న నాకూ తెల్వదు. ఆ తర్వాత బాయి నీళ్ళు నింపి, మూత బిగించి, బాపు మగ్గం కాడి నూలు చిక్కులల్ల చుట్టి, నూలుకు గంజి కాచే పొయ్యి పక్కన పెట్టింది.

ఇక ఇంట్ల అటు పోయేటోళ్ళు, ఇటు పోయేటోళ్ళు పొయ్యి దిక్కు చూసుడే. మన బాయే పిల్లల పాణాలు తీస్తున్నదంటే ఏ మొఖం పెట్టుకొని బతుకుడు అని మా బాపు మగ్గం ఆపి కూసున్నడు. నాకైతే ఆ సీసల కండ్లకు కనబడనిదేదో పెరుగుతున్నదనిపించి పొయ్యి దగ్గరికే పోలేదు.

నర్సమ్మ చెప్పిన గడువు దాటినంక నాయినమ్మ చిక్కులు విప్పింది. నీళ్ళు పోసినప్పుడు ఎట్లున్నయో గట్లనే తెల్లగున్నయ్. అమ్మ ఏడ్చింది. బిందెలకొద్ది నీళ్ళు కాగబెట్టి విసిగిన ఆడోళ్ళు చేదలు పట్టుకొని పరుగున వచ్చిండ్రు. తమ్ముడు అప్పుడప్పుడే కండ్లు తెరిచి చూస్తున్నడు. మా అమ్మ పచ్చినీళ్ళు గిలాసల ముంచి తెచ్చి వాణ్ని లేపింది.

గప్పుడే, మేమంత ఖాలా అని పిలిచే పక్కింటి తురకోళ్ళామె వచ్చింది. వాళ్ళ చెల్లె గల్లీల కూడ నర్సమ్మ అసోంటి సీసే ఇచ్చిందట. వాళ్ళ నీళ్ళూ మంచియేనని సంబురంగ ఆ సీస పట్టుకొచ్చింది. అది నల్లగ లేదు కని, లోపలి నీళ్ళు పలుచటి చాయ్ రంగుల ఉన్నయ్. నాయినమ్మ రెండు సీసలు పక్కపక్కన పెట్టి చూసింది. గీ రంగు ఎక్కడిదని అడిగింది. లోపల పొడి మందు ఉంటది కదా అక్కా, గది కరిగిన రంగు అన్నది ఖాలా.

నాయినమ్మ మా సీసను మళ్ళోసారి ఎండకు పట్టి చూసింది. ఆమె సీస కడిగింది చూసిన మనిషిని నేనొక్కదాన్నే, నాకింకా ఏం అర్థం కాలేదు. నాయినమ్మ నోరు మూసుకొని ఉంటే ఎవ్వరికీ తెల్వకపోయేది. ఆమె ఒక్క అంగల పోయి అమ్మ చేతిల గిలాస లాక్కొని నీళ్ళు పారబోసింది. బాయి దగ్గరికి పోయి చేంతాడు గుంజి కింద పడేసింది. మందు నేనే కడిగేసిన, ఈ సీసను నమ్మకుండ్రి, నీళ్ళు మంచియో కావో ఎవ్వరికీ తెల్వదు అని అందరి ముంగట చెప్పింది. ఊరందరికి శుభ్రం నేర్పేదానివి, నువ్వేనా గిట్ల చేసేది, సిగ్గు లేదా అని ఒకామె అననే అన్నది.

"సిగ్గు రేపు పడుత బిడ్డా, ముందు బిందెలు ఒంపుండ్రి," అన్నది నాయినమ్మ.

ఇంటింటికి పోయి, అప్పటికే నింపుకపోయిన నీళ్ళు తన చేత్తోని ఒంపింది. బాపు సైకిల్ మీద దవాఖానకు ఉరికి ఇంకో సీస తెచ్చిండు. దాన్ని కడగకుండ నీళ్ళు పోసి పెట్టిండ్రు. తెల్లారేసరికి అది బొగ్గోలె నల్లగయింది. అమ్మ ఆ సీసను చూసి, తమ్ముణ్ని ఎదకు అదుముకొని గోడకు చేరగిలబడ్డది. ఇన్నేండ్లయినా అంత భయం నేను మళ్ళ ఎవరి మొఖంల చూడలేదు.

బాయి మీద రేకు కప్పిండ్రు. నాయినమ్మ చెప్పినట్టే సిగ్గుపడ్డది. కొంగు మొఖం మీదికి గుంజుకొని, కొన్నాళ్ళు లోపలి అర్రలనే ఉన్నది. తమ్ముడు బతికిండు. వానికిప్పుడు మనుమలున్నరు.

నా వల్ల పొరపాటు జరిగిందని తెలిసినప్పుడల్ల నాకూ ముందుగాల సిగ్గే ముంచుకొస్తది. ఎవ్వరూ చూడలేదు కదా, ఊకో అంటది. గప్పుడు ఆ పసోని ఎండిన పెదవులు, వాటికి బెత్తెడు దూరంల ఉన్న ఆ గిలాస యాదికొస్తయ్. వణుక్కుంటనే నోరు తెరుస్త.