జంగమ్మ చెయ్యి, నా పాత విత్తనం

2018 జూన్ మొదటి వారం. మర్రిగూడ దగ్గర రోడ్డు పక్కన అరెకరం జాగాలో నా పూలనారు నర్సరీ. చుట్టూ పత్తి, కంది. బోరు నీళ్లు తాగితే పళ్లు గారపట్టే నేల. తాగడానికే మంచినీళ్లు లేని చోట ఈయన పూలు పెంచుతాడట అని మొదట్లో నన్ను చూసి నవ్వని మనిషి లేడు. తర్వాత ఆ నవ్విన వాళ్లే బతుకమ్మ పండుగకు పూలు అందాలని ఎండాకాలంలోనే వచ్చి నారు చెప్పి పోవడం మొదలుపెట్టారు.

ఈ పనిలో నేను చెయ్యని తప్పు లేదు. నారు ఎండబెట్టాను, కుళ్లబెట్టాను. ఒక రైతుకు పసుపు బంతి అని చెప్పి నారింజ బంతి ఇచ్చి, పూత వచ్చాక నడిరోడ్డు మీద తిట్లు తిన్నాను. అవన్నీ చెప్పుకుని నవ్వుకునేవి. ఇప్పుడు చెప్పబోయేది అట్లాంటిది కాదు.

ముందు ఆస్టర్ గురించి రెండు మాటలు చెప్పాలి. చూడటానికి చామంతి చెల్లెలిలా ఉంటుంది. నడుమ పసుపు బొట్టు, చుట్టూ ఊదా, గులాబి, తెల్ల రేకులు. చామంతిని పిలకలు నాటి పెంచుతారు. ఆస్టర్ మాత్రం ఒక్క పంటతో చచ్చిపోయే మొక్క, ఏటేటా విత్తనం నుంచే రావాలి. ప్రోట్రే అంటే చిన్న చిన్న గుంతలున్న ప్లాస్టిక్ పళ్లెం. అందులో కోకోపీట్, అంటే కొబ్బరి పీచు పొడి నింపి, గుంతకొక విత్తు వేసి, పైన పలచగా కప్పాలి. వారం పది రోజుల్లో మొలకలు రావాలి, నెలకు నారు పొలానికి పోవాలి. ఆ విత్తనానికి ఒక రోగముంది. ఎక్కువ కాలం ఆగదు. వేడి తగిలితే ఏడాది కూడా ఆగదు. బంతి విత్తనంలా డబ్బాలో పడేసి మరిచిపోతే కుదరదు. ఈ సంగతి పుస్తకం చూసి చెప్పడం లేదు, అప్పటికే నాకు బాగా తెలుసు. తెలిసే చేశాను కాబట్టే ఇదంతా రాస్తున్నాను.

ఇక జంగమ్మ. మా పక్క ఊరు, గొర్లు కాసుకునే ఇల్లు. అప్పటికి యాభై దాటింది. మా దిక్కు పొలంలో తొలి విత్తు ఎవరి చేత పడితే వాళ్ల చేతి గుణం పంటకు వస్తుందని నమ్ముతారు. ఆ చుట్టుపట్ల చెయ్యి అంటే జంగమ్మ చెయ్యే. మొదటి వాన పడగానే ఆమె కోసం మనుషులు వచ్చేవారు, ఒక్కోసారి ట్రాక్టరే వచ్చేది. కాళ్లు కడుక్కుని, కొంగు నడుముకు చెక్కి, వేళ్లకు పసుపు రాసుకుని ఈశాన్యం మూల అయిదు పత్తి విత్తులు వేసేది. ఒక రవిక గుడ్డ, తవ్వెడు జొన్నలు, ఆ ఇంట్లో భోజనం. అంతే ఆమెకు ముట్టేది. కానీ ఆ నెల రోజులు ఆమె నడకే వేరుగా ఉండేది. నా నర్సరీలో కూడా ఏటా తొలి ట్రే ఆమెదే. చేతి గుణాలూ గీతి గుణాలూ నేను నమ్మనని అందరికీ గొప్పగా చెప్పుకునేవాణ్ణి. నారు కొనే రైతు నమ్ముతాడు కాబట్టి వేయించేవాణ్ణి.

ఆ ఏడు ఏప్రిల్‌లో ఆమె భర్త గొర్ల వెంట పోయి ఎండదెబ్బకు పడిపోయాడు, దవాఖానకు చేరకముందే పోయాడు. జూన్‌లో నేనే ఇంటికి పోయి పనికి పిలిచాను. ఆమె గడప దాటి రాకుండానే అడిగింది.

"నేను రావచ్చునా తమ్మీ? నా చెయ్యితోని ఏస్తె ఏమన్న అనరా మంది?"

"ఏం మాటలక్కా అవి. చెయ్యి నీది, బావది గాదు గద" అన్నాను. నా మాటకు నేనే మురిసిపోయాను. ఎంత మంచివాణ్ణి అనుకున్నాను!

ఆమె వచ్చింది. పసుపు రాసుకుని తొలి ట్రే నింపింది. వెనక మిగతా ఆడవాళ్లు రెండు వందల ట్రేలు నింపారు. ఆ విత్తనం లింగయ్య అనే రైతు కోసం. ఎకరం పొలంలో ఆస్టర్ వేసి దసరాకు పట్నం పంపుతానని ఉత్సాహపడ్డ మనిషి. విత్తనం మాత్రం కొత్తది కాదు. పోయిన ఏడాది మిగిలిన డబ్బాలు. ఎండాకాలమంతా రేకుల షెడ్డులో ఉన్నాయి. మా దిక్కు మే నెలలో రేకుల కింద మనిషే నిలవలేడు, ఆ గోరంత విత్తు ఎట్లా నిలుస్తుంది? వేసేముందు జర్మినేషన్ టెస్ట్ చెయ్యాలి. పెద్ద విద్యేమీ కాదు. వంద విత్తులు లెక్కపెట్టి తడిగుడ్డలో చుట్టి, ఎన్ని మొలకెత్తాయో చూడటం. వాన ముంచుకొస్తోందని, కొత్త విత్తనం తెప్పించాలంటే ఆలస్యమని, నేను చెయ్యలేదు.

పది రోజులైంది. ట్రేకు నాలుగైదు మొలకలు, మిగతా అంతా నల్లటి పొడి. జంగమ్మ రోజూ పొద్దున్నే వచ్చి ట్రేల ముందు వంగి చూసేది. నీళ్లు ఎక్కువైనాయేమో అన్నాను. పైన నీడకు కట్టిన షేడ్‌నెట్ పాతబడింది, ఎండ తగిలిందేమో అన్నాను. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు రోజుకొక వంక. ఎవరికీ చెప్పకుండా అదే డబ్బాలోంచి వంద విత్తులు తీసి ఇంట్లో తడిగుడ్డలో పెట్టాను. పన్నెండు రోజులు చూశాను. ఏడు మొలిచాయి.

మర్నాడు పొద్దున లింగయ్య వచ్చాడు. ట్రేలన్నీ తిరిగి చూశాడు. జంగమ్మ నాలుగడుగుల దూరంలో ట్రేలకు నీళ్లు చల్లుతోంది.

"తొలి ఇత్తు ఎవలేసిన్రు?" అని నన్ను అడిగాడు. నేను జవాబు చెప్పేలోపే ఆమె వైపు చూశాడు. "మొగడు పోయి మూడు నెల్లు గాలె. గా చెయ్యితోని ఏయిస్తె మొలుస్తయా? నీకైన తెలివుండాలె గద."

నా ఇంట్లో తడిగుడ్డ ఇంకా ఆరలేదు. విత్తనం చచ్చిందని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. చచ్చిన విత్తనం అంటగట్టాడని నా నర్సరీ పేరు నాలుగు ఊళ్లలో పోతుంది, ఇంకెవడూ నారు చెప్పడు. అది తలచుకుని ఒక ట్రే తీసి ఇంకో ట్రే మీద సర్దుతూ నిలబడ్డాను. జంగమ్మ నా వైపు చూసింది. నేను ట్రేల వైపు చూశాను. ఆమె చేతిలోని పాత్ర కింద పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని, షేడ్‌నెట్ బయటికి పోయింది.

అక్కడితో ఆపినా బాగుండేది. నేను ఆపలేదు. కొత్త విత్తనం తెప్పించాను. ఈసారి టెస్ట్ చేశాను, ఎనభై దాటి మొలిచాయి. లింగయ్య తన కోడలిని తీసుకొచ్చి తొలి ట్రే వేయిస్తానన్నాడు. వేయించమన్నాను. వారానికల్లా ట్రేలన్నీ పచ్చగా లేచాయి. ఊరికి ఇంకేం సాక్ష్యం కావాలి? జంగమ్మ వేస్తే మొలవలేదు, లింగయ్య కోడలు వేస్తే మొలిచాయి. ఆ సాక్ష్యం నా చేతులతో నేనే తయారు చేసి ఇచ్చాను. నా నోట్లో మన్నుపడ.

ఆ ఏడు పత్తికి ఆమెను ఎవరూ పిలవలేదు. తర్వాతి ఏడు కూడా అంతే. నా దగ్గర పనికి వచ్చేది కానీ విత్తనం ముట్టేది కాదు. "నా చెయ్యి మంచిగలేదు తమ్మీ, ట్రేలు కడుగుత" అనేది. కడిగించుకున్నాను. లోపల సిగ్గుగా ఉండేది, కానీ సిగ్గుపడుతూనే కడిగించుకున్నాను.

అయిదేళ్లు గడిచాక ఒకసారి ఏదో పని మీద వాళ్ల ఇంటికి పోయాను. పెరట్లో చిక్కుడు పాదు తీశారు. కోడలు విత్తులు వేస్తుంటే జంగమ్మ చేతులు వెనక్కి కట్టుకుని దూరంగా గోడకు ఆనుకుని నిలబడింది. సొంత పెరట్లో నాలుగు చిక్కుడు గింజలు వేయడానికి కూడా భయపడుతోంది.

ఆ సాయంత్రమే చాయ హోటల్‌లో లింగయ్యను పట్టుకుని, పదిమంది వింటుండగా జరిగింది జరిగినట్టు చెప్పాను. పాత విత్తనం, రేకుల షెడ్డు, తడిగుడ్డ, ఏడు మొలకలు, ఏదీ దాచలేదు. వాళ్లంతా నిమ్మళంగా విన్నారు. లింగయ్య చాయ పూర్తిగా తాగి గ్లాసు పెట్టాడు.

"నువ్వు మంచోనివి" అన్నాడు. "ముసల్దాని పానం నిమ్మలపడనీకె నీ మీద ఏసుకుంటున్నవ్. గంతేనాయె."

అందరూ తల ఊపారు. ఒట్టేసి చెప్పినా ఒక్కడూ నమ్మలేదు. పైగా నాకు మంచివాడన్న పేరొకటి వచ్చి పడింది.

జంగమ్మకు ఎవరో చెప్పారు. మర్నాడు పనికి వచ్చి నా ముందు నిలబడి, నిజమేనా అని అడిగింది. నిజమేనక్కా అన్నాను. డబ్బా సంగతి, టెస్ట్ సంగతి మళ్లీ చెప్పాను. నీ చేతిలో ఏ దోషమూ లేదు, అంతా విత్తనంలోనే ఉంది, మంచి విత్తనమైతే ఎవరు వేసినా మొలుస్తుంది, చచ్చిన విత్తనం ఎవరు వేసినా మొలవదు అని చెప్పాను. తిడుతుందనుకున్నాను. రెండు చెంపలు వాయించినా పడేవాణ్ణి. ఆమె తన అరచేతులు తిప్పి చూసుకుంది.

"అయితే గన్నేండ్ల సంది మొలిచినయి గూడ నా చెయ్యితోని గాదన్నట్టు" అంది.

ఆమె పోయి ట్రేల దగ్గర కూర్చుంది.

ఇప్పుడు ప్రతి విత్తనం లాటుకూ టెస్ట్ చేసి, తేదీ, మొలకల సంఖ్య డబ్బా మీద రాస్తాను. కొత్తగా నర్సరీ పెడతామని వచ్చేవాళ్లకు మొదట నేర్పేది అదే. వాళ్లు శ్రద్ధగా రాసుకుని పోతారు. వాళ్లకు చెప్పనిది ఇంకొకటి ఉంది. విత్తనం చచ్చిందని తెలుసుకోవడానికి నాకు పన్నెండు రోజులు పట్టింది. ఆ మాట జంగమ్మకు పనికొచ్చే రోజు ఒక్కటే ఉండింది, లింగయ్య వచ్చిన పదమూడో రోజు. ఆ రోజు నేను ట్రేలు సర్దుతూ నిలబడ్డాను.