బుధవారం టేపు

దయ్యాలు, ఆత్మలు అంటే నాకు ఒళ్లుమంట. మా ఆవిడ విజయ గుమ్మానికి బూడిదగుమ్మడికాయ కట్టిస్తే, దాంతో బోలెడు వడియాలు పెట్టుకోవచ్చు కదా అని విసుక్కునే రకాన్ని. ఇప్పటికీ అంతే. అందుకే ఈ సంగతి ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. చెబితే ముందు నవ్వేది విజయే.

తొంభైల మధ్యలో శామీర్‌పేట దాటాక ఉండే ఒక చిన్న విత్తనాల కంపెనీలో నేను కంప్యూటర్ ఆపరేటర్‌ని. మాది రేపల్లె దగ్గర, కాపురం అల్వాల్‌లో. కంపెనీ మొత్తానికి ఒకే కంప్యూటరు, యూనిక్స్ మిషను. దానికి తెర, కీబోర్డు ఉన్న టెర్మినళ్లు నాలుగు. దాని మంచీచెడ్డా నాదే.

అందులో పెద్ద పని బ్యాకప్. సోమవారం డిస్కులో ఉన్నదంతా క్యాసెట్ లాంటి టేపు మీదికి ఎక్కించాలి. మిగతా రోజుల్లో ముందురోజు తర్వాత మారిన ఫైళ్లు మాత్రమే. రోజుకో టేపు, దాని మీద ఆ రోజు పేరు. డిస్కు పాడైతే సోమవారంతో మొదలుపెట్టి ఒక్కొక్కటీ వరసగా దించుకోవాలి. మధ్యలో ఒక టేపు లేకపోతే ఆ రోజు పని గల్లంతే.

పొద్దున టేపు పెడితే సాయంత్రం అయిదున్నరకు మిషను దానంతటదే రాసుకునేది. మర్నాడు నేను నోట్‌బుక్‌లో టిక్కు పెట్టి సంతకం చేయాలి. ఆఫీసు తగలబడినా టేపులు మిగలాలని వాటిని క్యారేజీ సంచిలో ఇంటికి తీసుకెళ్లి, మళ్లీ వాటి రోజు వచ్చినప్పుడు తెచ్చేవాణ్ణి. పప్పు వాసన రాని టేపు ఒక్కటీ ఉండేది కాదు.

ఆ ఏడు మొక్కజొన్న కోతలప్పుడు, ఒక బుధవారం మా ఇంటికి టెలిఫోన్ ఇస్తామన్నారు. నాలుగేళ్లు ఎదురుచూసిన కనెక్షన్. ఆ హడావుడిలో టేపు ఇంట్లో మరిచిపోయి ఆఫీసుకు వెళ్లాను. మిషన్‌లోంచి మంగళవారం టేపు మాత్రం తీసుకుని, రెండింటికే పర్మిషన్ అడిగి వచ్చేశాను.

నాలుగింటికి లైన్‌మన్ ఫోను బిగించి, కాగితం కనపడక మా కొత్త నంబరును స్టూలు మీదున్న టేపు లేబుల్ మీదే పెన్నుతో రాశాడు. అప్పుడు గుర్తొచ్చింది, అది బుధవారం టేపని. వెనక్కి వెళ్లాలంటే రెండు బస్సులు మారాలి. బద్ధకించాను. రేపటి టేపులోకి ఇవాళ్టివి కూడా వస్తాయిలే అనుకున్నాను. ఆరింటికి పక్కింటావిడ నంబరు అడిగితే ఆ లేబుల్ చూసే చెప్పాను. అంటే నాలుగింటికీ, ఆరింటికీ టేపు మా ఇంట్లోనే ఉంది.

మర్నాడు గురువారం టేపు పెట్టి, నోట్‌బుక్‌లో బుధవారం గడిలో టిక్కు కొట్టి సంతకం చేసేశాను. తప్పే. ఇప్పుడు రాస్తుంటే కూడా సిగ్గుగానే ఉంది.

శనివారం పొద్దున డిస్కు పోయింది. కొత్త డిస్కు వేయించి, కంపెనీ జీపులో అల్వాల్ వెళ్లి టేపులన్నీ తెచ్చాను. సోమ, మంగళవారాలు దిగాయి. గురువారం టేపు తెరిస్తే అందులో గురువారం ఫైళ్లు తప్ప మరేమీ లేవు. అప్పుడు తట్టింది. లోపల టేపు ఉన్నా లేకపోయినా మా ప్రోగ్రాం బుధవారం బ్యాకప్ అయిపోయినట్టే గుర్తు పెట్టుకుంటుంది. ఆ ప్రోగ్రాం రాసిన మహానుభావుణ్ణి నేనే.

బుధవారం పని అంటే మల్లేశ్ పని. పక్క ఊరు లాల్‌గడి మలక్‌పేట్ నుంచి సైకిల్ మీద వచ్చే రోజుకూలీ. మొక్క మొక్కకూ విడిగా కంకులు తూచి, ఆ బరువు నేరుగా టెర్మినల్‌లో కొట్టేవాడు. తూచిన కంకులన్నీ ఒకే కుప్పలో కలిసిపోతాయి. మళ్లీ తూచే వీల్లేదు. ఆ నెలలోనే అతన్ని పర్మనెంట్ చేస్తామని మాట ఇచ్చారు.

"బుధవారానివి పడినట్టు లేవండి," అని గొణిగాను. మేనేజరు గారు నోట్‌బుక్ తిప్పి చూశారు. "బ్యాకప్ అయిందని నీ సంతకం ఉందిగా! అంటే మల్లేశే ఏమీ కొట్టలేదన్నమాట."

మల్లేశ్ గుమ్మంలోనే ఉన్నాడు. "కొట్టిన సార్. అన్నం గూడ తినకుంట కొట్టిన," అన్నాడు.

నిజం చెబితే నా ఉద్యోగం పోతుంది, చెప్పకపోతే అతనిది. కాసేపు గడుపుదామని బుధవారం టేపు లోపలికి తోశాను. అందులో ఉండేవి కిందటి వారానివేనని నాకు తెలుసు.

స్క్రీన్ మీద జాబితా వచ్చింది. ఆ బుధవారం తేదీయే. పొద్దుటి నుంచి సాయంత్రం అయిదుంబావు దాకా మల్లేశ్ కొట్టిన ప్రతి ఫైలూ ఉంది. టేపు బయటికి తీసి చూశాను. లేబుల్ మీద లైన్‌మన్ రాసిన మా ఫోన్ నంబరు. మళ్లీ పెట్టాను. అవే ఫైళ్లు.

"ఉన్నాయిగా, ఊరికే కంగారు పెట్టేశావు," అని మేనేజరు గారు టీ తాగడానికి వెళ్లిపోయారు.

సాయంత్రం మల్లేశ్ సైకిల్ నడిపించుకుంటూ బస్‌స్టాప్ దాకా నాతో వచ్చాడు. "బుధవారం మీరు వాపస్ రాకపోతే నా నౌకరి పోతుండె సార్," అన్నాడు.

నేను అక్కడే ఆగిపోయాను.

"గంత వానల తడుసుకుంట వచ్చిన్రు. ఏమైంది సార్ అంటే పలుకలె. సంచిలకెంచి టేపు తీసి మిషన్ల పెట్టిన్రు. అయ్యేదాంక గట్లనే నిలవడి, మల్ల తీస్కొని పోయిన్రు. ఏదో పరేషాన్ల ఉన్నరని నేను గూడ అడగలె."

ఆ రోజు అల్వాల్‌లో చినుకు కూడా పడలేదు. సోమవారం వెళ్లి గేటు రిజిస్టర్ చూశాను. రెండింటికి నేను బయటికి వెళ్లినట్టు ఉంది, తిరిగి వచ్చినట్టు లేదు. మల్లేశ్ అబద్ధం చెప్పాడందామా? అతనికి టేపు పెట్టడమే రాదు. అయినా మా ఇంట్లో ఉన్న టేపు అతని చేతికెలా వస్తుంది? నా పని నా మొహం పెట్టుకుని ఎవరో చేసిపోయారు. ఎవరైనా కానీ, నాకంటే బుద్ధిమంతుడు.

తర్వాతి నెలలో మల్లేశ్ పర్మనెంట్ అయ్యాడు. ఆ తర్వాత నేను ఒక్కరోజు కూడా టేపు మరిచిపోలేదు. ఇప్పటికీ మేడ్చల్‌లో ఎప్పుడైనా కనపడితే పక్కనున్నవాళ్లకు నన్ను చూపించి, "నాకోసం వానల వాపస్ వచ్చిన సార్ గీయనే," అంటాడు.

వచ్చింది నేను కాదు మల్లేశ్ అని చెప్పాలని ప్రతిసారీ అనుకుంటాను. మరి ఎవరొచ్చిన్రు సార్ అని అడుగుతాడు. అందుకే ఊరుకుంటాను.