బోర్డు మీదకి ఎక్కని కాగితం

మొన్నొక బుధవారం పొద్దున్నే కాలేజీ నుంచి గుమస్తా ఫోను చేసి, లెక్కల విభాగం గదికి రంగులు వేయిస్తున్నామనీ, పాత నోటీసు బోర్డు పీకేశామనీ, పారేసే ముందు ఒకసారి మీతో అందామని చేశామనీ చెబితే, ఎందుకు వెళుతున్నానో నాకే తెలియకుండా ఆటో ఎక్కి అమలాపురం వెళ్ళాను. బోర్డు వరండాలో గోడకి ఆనించి ఉంది. అద్దం తలుపు ఎప్పుడో పోయింది. ఆకుపచ్చ గుడ్డ వెలిసి ఎండుగడ్డి రంగుకి వచ్చింది. అడుగున మాత్రం జానెడు వెడల్పున వేరే చెక్క, వేరే గుడ్డ, వంకర మేకులతో అతికించి ఉన్నాయి. కొత్తగా వచ్చిన ఆ గుమస్తా దాన్ని చూసి, "దీనికి ఈ తోకేటండీ?" అని నవ్వాడు. చోటు చాలక నేనే వేశానండి అన్నాను. అది అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. మిగిలిన నిజం ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

నాకు నలభై రెండేళ్ళు వచ్చేదాకా వేలిముద్రే. మా నాన్న కాలువ మీద పడవ లాగేవాడు, నేనూ పాతికేళ్ళు వచ్చేదాకా అదే పని చేశాను. మన ఈడు వాళ్ళకి గుర్తుండే ఉంటుంది, కొబ్బరికాయలూ ధాన్యమూ ఇటుకలూ అన్నీ కాలువ మీదే వెళ్ళేవి, గట్టు వెంబడి తాడు భుజాన వేసుకుని ఇద్దరు నడుస్తుంటే వెనకాల పడవ వచ్చేది. లారీలు వచ్చాక ఆ పని పోయింది. ఎవరో చెబితే కాలేజీలో నీళ్ళ కుండలు నింపే పనికి చేరి, తరవాత లెక్కల విభాగానికి అటెండరునయ్యాను. తొంభైల మొదట్లో ఊళ్ళో పెద్దవాళ్ళకి చదువు చెప్పే బళ్ళు పెట్టినప్పుడు తెలుగు అక్షరాలు వచ్చాయి. ఇంగ్లీషు అక్షరాలు నేర్పింది మాత్రం లెక్కల మేడంగారు.

ఆవిడ మా విభాగంలో చేరిన కొత్తలో నేనొక ఇంగ్లీషు నోటీసు తలకిందులుగా గుచ్చాను. తెలుగైతే తలకట్లు చూసి పైనేదో కిందేదో పోల్చుకునేవాడిని, ఇంగ్లీషుకి అవి ఉండవు కదా. పిల్లలు మెడలు వంచి చదువుతూ నవ్వుతుంటే ఆవిడ వచ్చి కాగితం సరిచేసి, ఆ మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూత పెట్టేశాక, "బాబాయిగారూ, ఇలా కూర్చోండి," అని ఒక తెల్ల కాగితం మీద పెద్ద పెద్ద అక్షరాలు రాసి నా ముందు పెట్టారు. వయసులో నాకంటే పదిహేనేళ్ళు చిన్న. ఏడాది పట్టింది. నా బుర్ర మందం, ఆవిడకి ఓపిక ఎక్కువ. మాటలకి అర్థాలు తెలియకపోయినా, అక్షరాలు కూడబలుక్కుని ఊళ్ళ పేర్లు చదవడం వచ్చింది.

ఆవిడకి నాన్ లీనియర్ సైన్స్ అనీ అప్లైడ్ మాథమాటిక్స్ అనీ ఒక శాస్త్రం మీద పిచ్చి. ఆ లెక్కలు చేసేవాళ్ళు ప్రపంచం నిండా ఉన్నారట, వాళ్ళందరికీ కలిపి ఒక వార్తల పత్రిక వచ్చేది. మొదట్లో పోస్టులో సన్నటి పుస్తకంలా, ఎప్పుడో మూడు నెలలకి ఒకటి. రెండువేలు దాటాక ఈమెయిలులో వారం వారం రావడం మొదలైంది. కాలేజీలో కంప్యూటరు ఆఫీసు గదిలో తాళంలో ఉండేది కాబట్టి, ప్రతి శనివారం నేను గడియార స్తంభం దగ్గర నెట్ సెంటరుకి వెళ్ళి, మేడంగారి చీటీ చూపించి, అక్కడి కుర్రాడి చేత ఐదు కాగితాలు ప్రింటు తీయించుకుని తెచ్చేవాడిని. ఎవరికి పతకం వచ్చింది, ఎవరు పోయారు, ఏ ఊళ్ళో సభ, ఏ కొత్త పుస్తకం వచ్చింది, ఇవన్నీ మొదటి నాలుగింటిలో ఉండేవి. మా బోర్డు మీద సరిగ్గా నాలుగు కాగితాలకే చోటు. ఐదోది సగం ఖాళీగా ఉండేది. ఆవిడ ఐదూ చదివి, నాలుగు నా చేతికి ఇచ్చి, ఐదోది నాలుగు మడతలు పెట్టి చేతిసంచిలో వేసుకునేవారు. చాలని కాగితం పారేయడానికి పట్టుకెళుతున్నారనుకున్నాను నేను. అడగలేదు. బోర్డు మీదకి ఎక్కనిది పనికొచ్చే కాగితం కాదని నా లెక్క. అక్షరాలు ఆలస్యంగా వచ్చినవాడికి బోర్డంటే అంత గౌరవం.

ఒకసారి అడిగాను, ఆ శాస్త్రం ఏమిటని. "మామూలు లెక్కలో రెండింతలు తోస్తే రెండింతలు కదులుద్దండి బాబాయిగారూ. ఇందులో అలాక్కాదు. కొంచెం తోస్తే కదలదు. ఇంకాస్త తోస్తే మీద పడిపోద్ది," అన్నారు.

"అయితే మా ఆవిడ లెక్కేనండి," అన్నాను.

ఆవిడ నవ్వి నవ్వి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. అప్పుడే చెప్పారు, కాలువలో పడవ ఉన్నట్టుండి ఆగిపోతే దాని ముక్కు దగ్గర పోగైన నీళ్ళు ఒక గుట్టలాగా లేచి, పడవతో పని లేకుండా, ఆకారం చెదరకుండా, ఒంటరిగా చాలా దూరం పోతాయనీ, ఆ కెరటం మీద పెద్ద పెద్దవాళ్ళు పుస్తకాలు రాశారనీ. నేను పదేళ్ళు తాడు లాగినవాడిని, ఆ నీళ్ళ పక్కన ఎన్నోసార్లు నడిచాను. కాలువ తలుపులుండే లాకు దగ్గర పడవ ఆపితే ఆ గుట్ట ముందుకి పోయి తలుపులకి తగిలేది, లాకు వాళ్ళు అరుస్తారని మా నాన్న ముందే తాడు వదలమనేవాడు. ఆ మాట చెబితే మేడంగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "మీరు చూసేరా? కళ్ళతో చూసేరా?" అని రెండుసార్లు అడిగారు.

అప్పటికింకా మా తమ్ముడికి ఇసక తోలే చిన్న పడవ ఉండేది. ఒక ఆదివారం దాన్ని కాలువలోకి దింపి, నేనూ తమ్ముడూ గట్టు మీద తాడు పట్టుకుని పరిగెత్తి, ఆవిడ చెయ్యి ఎత్తగానే ఆపాం. నాలుగోసారికి వచ్చింది ఆ గుట్ట. మోకాలెత్తు కూడా లేదు. నున్నగా, చప్పుడు లేకుండా పోతోంది. మేడంగారు కుచ్చిళ్ళు ఎగదోపి, చేతిలో గడియారం పెట్టుకుని, చెప్పులు వదిలేసి దాని పక్కనే గట్టంతా పరిగెత్తారు. బట్టలు ఉతుక్కుంటున్న ఆడవాళ్ళు చూసి, "ఏటి అటెండరుగారూ, పంతులమ్మగారికి ఏటి పోయిందండీ నీళ్ళల్లో?" అని అడిగారు. ఏమీ పోలేదండి, దొరికింది అన్నాను. ఆ మాట అన్నందుకు అప్పుడు గర్వపడ్డాను.

అలా ఆ ఏడాది ఎన్నో ఆదివారాలు. ఆవిడ కొలతలన్నీ రాసి ఎక్కడో పెద్ద సంస్థలో ఉన్న ఒక ప్రొఫెసరుగారికి పంపితే, ఆయన మెచ్చుకుని, రెండేళ్ళు మా దగ్గర ఉండి ఈ పని చేసే చోటు ఒకటి ఖాళీ అవుతుంది, ఆ ప్రకటన ఆ వారపత్రిక ఆఖరి పేజీలోనే వస్తుంది, వయసు పరిమితి దాటకముందే దరఖాస్తు చేసుకోండి అని రాశారట. ఆ ఏడు దాటితే ఆవిడకి వయసు దాటిపోతుంది. ఈ సంగతి నాకు తెలియదు. ఎవరికీ తెలియదు. ఇంట్లో కూడా, వచ్చాక చెబుదామని ఊరుకున్నారు. ఐదో కాగితం సంచిలోకి వెళ్ళేది అందుకు.

ఆ వేసవిలో ఆవిడని పరీక్ష పేపర్లు దిద్దే డ్యూటీ మీద మూడు వారాలు రాజమండ్రి పంపారు. వెళుతూ, "శనివారం కాగితాలు మాత్రం మర్చిపోకండి బాబాయిగారూ," అన్నారు. ఆయ్ అన్నాను. మర్చిపోలేదు. మూడు శనివారాలూ ఎండలో వెళ్ళి తెచ్చాను. వారం వారం నాలుగేసి కాగితాలు బోర్డు మీద గుచ్చి, పాతవి తీసి ఆవిడ బల్ల మీద పేర్చాను. ఐదోవి పక్కన పెట్టాను. రెండో వారం మేడంగారు ఆఫీసుకి ఫోను చేసి, ఒక ఊరి పేరు చెప్పి, అది కాగితాల్లో ఉందేమో చూడమంటే, బోర్డు మీద నాలుగూ కూడబలికి, లేదండి అన్నాను. ఆ రోజుల్లోనే మా కాలేజీలో మొదటి సంవత్సరం పిల్లల పరీక్షలు. బెంచీలకి నంబర్లు అతికించాలి, ఒకవైపు ఖాళీ కాగితాలు ఏవైనా ఉంటే చీటీలు కొయ్యండి అని హెడ్డుగారు చెప్పారు. మా విభాగంలో మంచి కాగితం ఎప్పుడూ పాడుచేసేవాళ్ళం కాదు. ఐదో కాగితాలు మూడూ స్కేలు పెట్టి కోసి, వెనకవైపు నంబర్లు వేసి, మైదా జిగురు రాసి, అచ్చు ఉన్నవైపు చెక్కకి ఆనేలాగా నా చేతులతోనే అతికించాను. వరసలు తప్పకుండా అతికించినందుకు హెడ్డుగారు బాగుందన్నారు.

మేడంగారు వచ్చిన రోజు సంచి కూడా దింపకుండా బల్ల దగ్గరికి వెళ్ళి కాగితాలు తిరగేశారు. మళ్ళీ తిరగేశారు.

"బాబాయిగారూ, ఆఖరి కాగితాలేయండీ?"

"అవి చీటీలు కోసేశానండి. మీరెప్పుడూ బోర్డు మీద పెట్టరు కదండీ."

ఆవిడ నా వైపు కాసేపు చూశారు. కోపం లేదు. ఏమీ లేదు ఆ చూపులో. గొడుగు తీసుకుని నెట్ సెంటరుకి వెళ్ళారు. గంటకి తిరిగొచ్చి, రెండింటి ఎమ్మెస్సీ క్లాసు ఎప్పటిలాగే చెప్పారు. నేను వరండాలో నిలబడి విన్నాను, గొంతులో తేడా లేదు. క్లాసయ్యాక నన్ను పిలిచి అంతా చెప్పారు, ప్రొఫెసరుగారి ఉత్తరం, వయసు, రెండేళ్ళ చోటు. ప్రకటన రెండో శనివారం నాటి కాగితంలో ఉందట. ఆఖరు తేదీ దాటి నాలుగు రోజులయిందట. అయినా ఫోను చేస్తే, గడువు గడువేనండి అన్నారట.

ఆవిడే అన్నారు, "పోనివ్వండి. నేనూ మీకు చెప్పలేదు కదండీ."

తిట్టి ఉంటే బాగుండేది.

పిల్లలందరూ వెళ్ళాక పరీక్ష హాలులోకి బకెట్టుతో నీళ్ళు తీసుకెళ్ళి, బెంచీల మీద చీటీలు ఒక్కొక్కటే తడిపి, గోటితో ఊడదీశాను. జిగురు బాగా పట్టింది, నేను కలిపిన జిగురే. కొన్ని చిరిగిపోయాయి. ఊడి వచ్చినవాటిని కిటికీ గట్టు మీద పేర్చి కూడబలికాను. డేట్ అనే మాట వచ్చింది. ఏజ్ అనే మాట వచ్చింది. ఆవిడ నేర్పిన అక్షరాలే. అతికించే ముందు కూడా అవి అక్కడే ఉన్నాయి, అప్పుడూ నేను చదవగలను, కానీ చదవలేదు. చీకటి పడకముందే బెంచీలు తుడిచి, కొత్త చీటీలు రాసి అతికించి ఇంటికి వెళ్ళాను. మర్నాడు పరీక్ష ఉంది కదా.

తరవాత వారం ఒక చెక్క ముక్క తెచ్చి బోర్డు అడుగున కొట్టాను. మేడంగారు చూశారు. ఆ శనివారం ఐదు కాగితాలూ నా చేతికే ఇచ్చారు. అప్పటి నుంచి ఆఖరి కాగితం తోక చెక్క మీదకి ఎక్కింది. రాజోలు వైపు నుంచి బస్సులో వచ్చే ఒక ఎమ్మెస్సీ అమ్మాయి దాని ముందు నిలబడి చదువుకుని, మేడంగారి చేత దరఖాస్తు దిద్దించుకుని ఎక్కడికో పైచదువుకి వెళ్ళింది. ఆ తరవాత ఇంకొందరు వెళ్ళారు. వెళ్ళేముందు స్వీట్లు తెచ్చి, ఆవిడకి దణ్ణం పెట్టి, నాకూ ఒకటి ఇచ్చేవాళ్ళు. నేను తీసుకునేవాడిని. తినడానికి మాత్రం ఇంటికి పట్టుకెళ్ళేవాడిని.

కాలువ మీద కెరటం కోసం మళ్ళీ వెళ్ళలేదు. ఆవిడ రమ్మనలేదు, నేను అడగలేదు. తమ్ముడు పడవ అమ్మేశాడు. ఆవిడ రిటైరైన రోజు సభకి వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాను. మాట్లాడిన ప్రతివాళ్ళూ ఇన్నేళ్ళు ఒకే గదిలో, ఒకే కుర్చీలో పనిచేశారని మెచ్చుకున్నారు. అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను.

ఇప్పుడు కాలువ నిండా గుర్రపుడెక్క. పడవ లేదు, లాగేవాడు లేడు, నీళ్ళు గుట్టకట్టి పోతాయని చెబితే నమ్మేవాడూ లేడు. మా మనవరాలు లెక్కలే చదువుతోంది, ఆ వార్తలన్నీ దాని ఫోనులోకే వస్తాయి, సభలూ చోట్లూ గడువులూ అన్నీ. మొన్న పక్కన కూర్చుని చూశాను. బొటనవేలితో పైకి తోస్తూ ఉంటే కింద నుంచి ఇంకా వస్తూనే ఉన్నాయి. ఆఖరిది ఏదమ్మా అని అడిగితే, ఆఖరిదంటూ ఉండదు తాతయ్యా అంది. మంచిదే. నాలాంటివాడి చేతుల మీదుగా వెళ్ళే పని లేదు, కత్తెర పడే భయం లేదు. కాకపోతే మా మనవరాలు ఏది చదివి తనలో దాచుకుందో పక్కన కూర్చున్నా నాకు తెలియలేదు. మడిచి సంచిలో పెట్టుకునే కాగితమైతే కనీసం కళ్ళ ముందు ఉండేది. అప్పుడూ నేను చూడలేదనుకోండి.

బోర్డు ఆటోలో వేసుకుని తెచ్చి మా అరుగు మీద నిలబెట్టాను. మా ఆవిడ ఎందుకీ చెత్త అని రెండు రోజులు అడిగి ఊరుకుంది. మధ్యాహ్నం ఎండ పడ్డప్పుడు చూస్తుంటాను. పెద్ద చెక్క కన్నా ఆ జానెడు తోక మీదే చిల్లులు ఎక్కువ. వాటిలో ఏదీ మేడంగారిది కాదు.