మునిరత్నం మామ జట్టు ఆడని ఫైనల్

నేను పావడా కట్టుకుని తిరిగే రోజుల్లో... తిరుత్తణి దగ్గర మా వీధిలో సాయంత్రం మగ్గాల చప్పుడు ఆగగానే ఒక ఈల వినబడేది. అది మా మునిరత్నం మామ ఈల. మా అమ్మకు తమ్ముడు. ఆ ఈల వినగానే గుంటమగ్గాల్లోంచి కుర్రాళ్లు లేచి, నడుములు పట్టుకుంటూనే చెరువు కింద మైదానానికి పరిగెత్తేవాళ్లు.

"పొద్దంతా మగ్గం చెక్కల్ని తొక్కినారు కదరా... ఇప్పుడు బంతిని తన్నండి చూస్తాం!" అని మామ ఎగతాళి చేసేవాడు.

మామ మద్రాసులో ఒక పెద్ద కంపెనీ జట్టుకు జీతం తీసుకుని ఫుట్‌బాల్ ఆడినవాడు. మా నేతవాళ్లలో అలాంటివాడు ఇంకొకడు లేడు. మోకాలు దెబ్బతిన్నాక కంపెనీ ఇంటికి పంపేసింది. వచ్చినవాడు మూల కూర్చోలేదు... మా వీధి కుర్రాళ్లను జట్టుగా చేసి తానే మేనేజరయ్యాడు. ఎవరు ఆడాలో, ఎవరు బయట కూర్చోవాలో మామ మాటే మాట.

ఆ ఏడు ఆడి మాసంలో, అంటే మీ ఆషాఢం ప్రాంతంలో, మా జట్టు తిరువళ్లూరులో ఫైనల్‌కు వచ్చింది. మామ పాత కంపెనీవాళ్లు ఆట చూడటానికి వస్తామని కబురు పెట్టారు. జట్టు బాగా ఆడితే తమ కుర్రాళ్లకు మేనేజరుగా మామను మళ్లీ తీసుకుంటామన్నారు. ఆ కబురు వచ్చిన రోజు మామ అడిగి మరీ మారు వడ్డించుకుని తిన్నాడు. చాలాకాలం తర్వాత...

ఇక్కడినుంచి జరిగింది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మా వీధి పెద్ద గోపాలయ్య. చీరల వ్యాపారి. అందరి మగ్గాలకూ నూలు ఆయనే ఇవ్వాలి. ఆయన కొడుకు ప్రాక్టీసుకు సరిగా రాడని మామ వాణ్ణి జట్టులోంచి తీసేశాడు. పెద్దాయన అప్పుడు తల ఊపాడు. నవ్వాడు కూడా.

మాలో ఒక ఆచారం ఉంది. ఆడిలో అమ్మవారి జాతరకు చేతికి పసుపు దారం కడతారు. దాన్ని కాపు అంటాం. కాపు కట్టించుకున్నవాళ్లు జాతర ముగిసేదాకా ఊరి పొలిమేర దాటకూడదు. ఎప్పుడూ ఇంటికొక పెద్దమనిషి కట్టించుకుంటే సరిపోయేది. ఆ ఏడు మాత్రం ఫైనల్‌కు ముందురోజు సాయంత్రం, గోపాలయ్య అందరికంటే ముందు తన చెయ్యి చాపి కాపు కట్టించుకుని, కొత్త మాట తెచ్చాడు.

"ఈసారి వయసు పిల్లోళ్లంతా కట్టించుకోవాల. అమ్మ కోరింది."

మామకు అర్థమైంది. "రేపొక్క పొద్దు ఆగన్నా. ఆట ముగిసినంక నేనే అందర్నీ పిలుచుకొనొచ్చి ఈడ నిలబెడతా."

"బంతి పెద్దదా, అమ్మ పెద్దదా? నువ్వే చెప్పు మునిరత్నం."

తండ్రులే కొడుకుల చేతులు పట్టుకుని ముందుకు చాపించారు. నూలు ఇచ్చేవాడి మాట కదా... గోల్‌కీపర్ దొరసామి ఏడుస్తూనే కట్టించుకున్నాడు. మా నాన్న కూడా మామవైపు నిలబడలేదు.

మరునాడు, కాపు కట్టించుకోని మామ జెర్సీల సంచి భుజాన వేసుకుని బయలుదేరాడు. "ఎవరన్నా మనసు మార్చుకొని ఎనకాల రైలుకొస్తారు పాపా" అన్నాడు. నేనూ వస్తానని ఏడిస్తే తీసుకెళ్లాడు. ఆటగాళ్లకోసం అమ్మ ఉప్పు రాసి ఇచ్చిన నిమ్మచెక్కల డబ్బా నా ఒళ్లో...

రైల్లో మా ఎదురుగా ఎవరు కూర్చుని ఉన్నారనుకున్నారు? గోపాలయ్య! పక్కన చీరల మూటలు. మద్రాసు బేరానికి వెళ్తున్నాడు. మణికట్టు మీద ముందురోజు కట్టించుకున్న పసుపు దారం.

నేను నలుగురిలో నోరు విప్పే పిల్లను కాను. ఆ రోజు ఆగలేకపోయాను.

"పెదనాయనా, నీకూ కాపు కట్టినారు కదా? పొలిమేర దాటేసినావే?"

ఆయన చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాడు. "యాపారం వేరే, ఆట వేరే పాపా. కడుపుకు పొయ్యేదాన్ని అమ్మ తప్పు పట్టదు."

"నాదీ కడుపుకేనన్నా" అన్నాడు మామ. అంతే. తిరువళ్లూరు వచ్చేదాకా సంచిలోని జెర్సీలు తీసి మళ్లీ మళ్లీ మడత పెట్టాడు.

మైదానంలో అవతలి జట్టు సిద్ధంగా ఉంది. కుర్చీల్లో కంపెనీవాళ్లు. రిఫరీ వచ్చి, "ఎంగే సార్ ఉంగ టీమ్?" అని, మీ జట్టెక్కడని తమిళంలో అడిగాడు.

"వస్తారు సార్... ఇంకొక రైలు ఉండాది."

ఆ రైలూ వచ్చి వెళ్లింది. ఎవరూ రాలేదు. మా జట్టు రాలేదు గనుక అవతలివాళ్లే గెలిచినట్టని రిఫరీ చెప్పేశాడు. కంపెనీవాళ్లలో ఒకాయన లేస్తూ, "పదకొండు మందిని మైదానానికి తేలేనివాడు మేనేజరా!" అని తమిళంలో నవ్వాడు. మామకు వినబడింది. నాకూ వినబడింది.

ఆ తర్వాత మామ జట్టు జోలికి పోలేదు. గుంటమగ్గంలో దిగి, ఆ పాడైన మోకాలితోనే చెక్కలు తొక్కుతూ, గోపాలయ్య నూలుతో గోపాలయ్య చీరలే నేశాడు. వీధిలో మాత్రం "అమ్మను ఎదిరించినాడు, అందుకే ఇట్లయినాడు" అని చెప్పుకునేవాళ్లు.

పెళ్లయి ఆరణికి కాపురానికి వచ్చిన కొత్తలో అత్తగారింట్లో తలెత్తి మాట్లాడటానికే భయపడేదాన్ని. అక్కడికి వచ్చిన చుట్టం ఒకాయన భోజనాల దగ్గర ఇదే కథ చెప్పి నవ్వాడు. నా చేతిలోని పులుసు గిన్నె ఠక్కున కింద పెట్టి, "అబద్ధం" అన్నాను.

"అబ్బో, కొత్త కోడలికి నోరుండాదే!"

ఉంది మరి.

ఇప్పుడు మా వీధి కుర్రాళ్లు కాపు చేతులతోనే రోజూ రైలెక్కి మద్రాసు పనులకు పోయి వస్తున్నారు. అమ్మవారికి కోపం రావడం లేదు, ఏ పెద్దమనిషీ అడగడం లేదు. మామ పోయి చాలా ఏళ్లయింది.

మొన్న గోపాలయ్య మనవడు ఫోన్ చేశాడు. మామ పేరు మీద ఫుట్‌బాల్ పోటీలు పెడుతున్నారట. బోర్డు మీదికి మామ ఫోటో కావాలట. "పక్కన మా తాత ఫోటో కూడా ఏస్తాం అత్తా. ఆ కాలంలో ఆటను పోషించింది ఆయనే కదా" అన్నాడు.

మామ ఫోటో నా దగ్గర ఉంది. ఇవ్వలేదు. ఇవ్వను.

మీ వీధిలోనూ దేవుడి పేరు చెప్పి ఒక మనిషి బతుకును ఇలా ఆపేసి ఉంటే ఇక్కడ రాయండి... పెద్దల పరువు కోసం దాచకుండా రాయండి. ఇన్నాళ్లూ దాచింది చాలు.