వెళ్ళొస్తాం

మొన్న ఇర్వింగ్‌లో మొక్కల షాపుకి వెళ్తే ఎనిమోనీ పూల దుంపల ప్యాకెట్ కనబడింది. చిల్లుల్లోంచి అదే పొడిమట్టి వాసన.

నాకు ఏడేళ్ళప్పుడు, మేం ఈ దేశంలోనే హెర్న్‌డన్‌లో ఉండగా, అమ్మ ఆ దుంపల్ని శనగలు నానబెట్టినట్టు రాత్రంతా నానబెట్టింది. శొంఠికొమ్ముల్లా ఎండిపోయి ఉన్నవి తెల్లారేసరికి ఉబ్బాయి. పెరట్లో నాటుతూ, "చలికాలమంతా లోపలే పడుకుని స్ప్రింగ్‌లో పూస్తాయి కన్నా" అంది.

చలి తగ్గకముందే నాన్న ఉద్యోగం పోయింది, దాంతోపాటు వీసా కూడా. ఎయిర్‌పోర్ట్‌కి బయల్దేరేటప్పుడు అమ్మ ఆ మట్టి మీద చెయ్యి పెట్టి, "వెళ్ళొస్తాం" అంది. వస్తామని చెప్పింది కదా అని నేను హుషారుగా కారెక్కాను.

హైదరాబాద్ ఉక్కలో కూడా నా చలికోటు ఎవరికీ ఇవ్వనివ్వలేదు. "స్ప్రింగ్ వచ్చేసిందా అమ్మా? వెళ్ళొస్తామన్నావుగా!" అని ఒకటే గొడవ. చివరికి అమ్మ ఆ కోటు మడతపెడుతూ, "అలాగే అనాలి కన్నా. వెళ్తున్నాం అనకూడదు" అంది. నా వైపు చూడలేదు.

పెద్దయ్యాక ఉద్యోగానికి తిరిగొచ్చాను, కానీ ఇప్పుడు నా వీసా కూడా ఈ చలికాలం దాటదు. ప్యాకెట్ ఉన్నచోటే పెట్టేసి, వెళ్ళొస్తానని అనకుండానే బయటికి వచ్చేశాను.